రేసు గుర్రం మూత్రంలో మందు జాడ పట్టడం ఎలా: మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ఎల్‌సీ-ఎంఎస్ (ద్రవంలోని పదార్థాలను విడదీసి, అణువులను విద్యుదావేశం గల అయాన్లుగా మార్చి, వాటి ద్రవ్యరాశి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ) మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న మిత్రులు, ఎం.ఎస్సీ. విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "గుర్రాల డోప్ పరీక్ష కూడా మనం చేసే పనే కదా?" పరికరం అదే. పని మాత్రం అది కాదు. ఫార్మాలో ఏ మందు ఇచ్చారో, ఎంత ఇచ్చారో, ఎన్ని గంటలకు ఇచ్చారో ముందే తెలుసు. ఇక్కడ సీసాలో ఏముందో తెలియదు. అసలు ఏమైనా ఉందో లేదో కూడా తెలియదు.

హైదరాబాద్ మలక్‌పేట రేసు మైదానంలోనైనా, మరెక్కడైనా, పరీక్ష ఫలితం మీద పందెం బహుమతి, ట్రైనర్ లైసెన్సు, గుర్రాన్ని కన్నబిడ్డలా చూసుకునే సైసు జీవనం ఆధారపడి ఉంటాయి. అందుకే ప్రతి అడుగునూ "రేపు విచారణలో దీనికి జవాబు చెప్పగలనా?" అని అడుగుకుంటూ వేయాలి. కింద ఇచ్చిన క్రమం ఆ దృష్టితో రాసినదే. భారతదేశంలో గుర్రాల నమూనాలను ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షా ప్రయోగశాల పరీక్షిస్తుంది. దేశాన్ని బట్టి నిబంధనలు కొంత మారినా, బల్ల మీద జరిగే పని అంతటా దాదాపు ఒకటే.

1. ఏం వెతుకుతున్నామో ముందు తేల్చుకోండి

అంతర్జాతీయ గుర్రపు పందాల సంస్థల సమాఖ్య ఒప్పందంలోని 6వ అధికరణం నిషిద్ధ పదార్థాల గురించి చెబుతుంది. పని సౌలభ్యం కోసం వాటిని రెండు గుంపులు చేసుకోండి.

మొదటి గుంపులోనివి గుర్రం ఒంట్లో ఉండకూడనివి. వీటికి "ఉందా, లేదా" అన్నదే ప్రశ్న. చికిత్సకు మామూలుగా వాడే మందులకు మాత్రం స్క్రీనింగ్ (తొలి జల్లెడ పరీక్ష) పరిమితులు ఉంటాయి. ఆ పరిమితికి లోపల కనిపించే జాడను నివేదించరు.

రెండవ గుంపులోనివి ఒంట్లో సహజంగా తయారయ్యేవి, లేదా మేతతో వచ్చేవి. వీటికి హద్దులు ఉన్నాయి. ముఖ్యమైనవి ఇవి (అన్నీ మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో):

- సాలిసిలిక్ ఆమ్లం: మూత్రంలో 750, ప్లాస్మాలో (రక్తకణాలు తీసేసిన రక్తద్రవంలో) 6.5
- డైమిథైల్ సల్ఫాక్సైడ్: మూత్రంలో 15, ప్లాస్మాలో 1
- థియోబ్రోమిన్: మూత్రంలో 2, ప్లాస్మాలో 0.3
- హైడ్రోకార్టిసోన్: మూత్రంలో 1
- ఆర్సెనిక్: మూత్రంలో 0.3
- కోబాల్ట్: మూత్రంలో 0.1, ప్లాస్మాలో 0.025
- టెస్టోస్టెరాన్: బీజాలు తీసిన మగగుర్రం మూత్రంలో 0.02, చూలు లేని ఆడగుర్రం మూత్రంలో 0.055
- విడిగా ఉన్న ప్రెడ్నిసొలోన్: మూత్రంలో 0.01

ఈ పట్టికను సవరిస్తుంటారు కాబట్టి పని మొదలుపెట్టే ముందు తాజా ప్రతిని దగ్గర పెట్టుకోండి.

ఇందులోని అంకెలను ఒకసారి నెమ్మదిగా చూడండి. 750కీ 0.01కీ మధ్య 75,000 రెట్ల తేడా ఉంది. అన్నింటినీ ఒకే పద్ధతితో, ఒకే పలుచనతో కొలవడం కుదరని పని. సాలిసిలిక్ ఆమ్లం హద్దు అంత ఎక్కువగా ఉండటానికి కారణం లూసర్న్ గడ్డి. అది తిన్న ప్రతి గుర్రం మూత్రంలోనూ ఈ ఆమ్లం ఉంటుంది.

టెస్టోస్టెరాన్ వరుస మరో సంగతి చెబుతోంది. గుర్రం మగదా, ఆడదా, బీజాలు తీసినదా, చూలుతో ఉందా అన్నది తెలియకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. గుర్రం పేరు ల్యాబుకు తెలియకూడదు. దాని లింగం మాత్రం తెలిసి తీరాలి.

వంటసోడా లాంటి క్షారాలు తాగించారా అని చూసే మొత్తం కార్బన్ డయాక్సైడ్ పరీక్ష (ప్లాస్మాలో లీటరుకు 36 మిల్లీమోళ్లు హద్దు) మాస్ స్పెక్ట్రోమీటర్ పని కాదు. దానికి అయాన్ ఎలక్ట్రోడ్ ఉన్న యంత్రం వేరే ఉంటుంది.

2. నమూనా చేతికి వచ్చే దారి

పందెం ముగిసిన గుర్రాన్ని నమూనా సేకరించే కొట్టానికి తీసుకెళ్తారు. కొత్తగా గడ్డి పరిచిన చోట గుర్రం మూత్రం పోయడానికి ఇష్టపడుతుంది. సైసు మెల్లగా ఈల వేస్తూ ఉంటాడు, సేకరించే మనిషి పొడవాటి కర్ర చివర కప్పు పట్టుకుని నిలబడతాడు. నిర్ణీత సమయంలో మూత్రం రాకపోతే మెడ సిర నుంచి రక్తం తీస్తారు. చాలాచోట్ల రెండూ తీస్తారు.

నమూనాను గుర్రం తరఫు మనిషి కళ్ల ముందే 'ఏ', 'బీ' అని రెండు సీసాలుగా పంచి సీలు వేయాలి. ఆస్ట్రేలియాలో, సేకరణకు వాడిన పాత్రలను కడిగిన ద్రవాన్ని కూడా విడిగా సీలు వేసి పంపుతారు. ఆ మందు కప్పు నుంచే వచ్చిందేమో అన్న అనుమానానికి ఆ చిన్న సీసాయే జవాబు. ఈ అలవాటు అంతటా ఉంటే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం.

ల్యాబులో సీసా అందుకునేటప్పుడు సరిచూసుకోవలసినవి:

- సీలు చెక్కుచెదరకుండా ఉందా? సీసా మీది అంకె, కాగితం మీది అంకె ఒకటేనా?
- గుర్రం లింగం, సేకరించిన తేదీ, సమయం రాశారా?
- పెట్టె చల్లగా ఉందా? లోపలి ఉష్ణోగ్రత ఎంత?
- ద్రవం ఎంత ఉంది? రంగు, మడ్డి, వాసన ఎలా ఉన్నాయి?
- తెచ్చినవారు, అందుకున్నవారు సంతకం, సమయం వేశారా?
- 'బీ' సీసా తెరవకుండా నేరుగా తాళం ఉన్న ఫ్రీజర్‌లోకి వెళ్లిందా?

లోపం కనిపిస్తే నమూనాను పక్కన పెట్టేయకండి. ఉన్నది ఉన్నట్టు రాసి, ఫొటో తీసి, పంపినవారికి వెంటనే తెలియజేయండి. మూత్రం వెచ్చగా నిలవ ఉంటే సూక్ష్మజీవులు స్టెరాయిడ్ల రూపం మార్చేస్తాయి. అందుకే ఉష్ణోగ్రత గడిని ఎప్పుడూ ఖాళీగా వదలకూడదు.

3. మూత్రాన్ని ముందు కళ్లతో చదవండి

మనిషి మూత్రంతో పనిచేసినవారు గుర్రం మూత్రాన్ని మొదటిసారి బీకరులోకి వంచినప్పుడు ఆశ్చర్యపోతారు. అది ధారగా పడదు. గుడ్డు తెల్లసొనలా సాగుతూ, తీగలుగా జారుతుంది. గుర్రం మూత్రపిండంలో ఊరే జిగురు పదార్థం దానికి కారణం. అడుగున పసుపు పచ్చని సున్నపు మడ్డి చేరుతుంది. అది చాలావరకు కాల్షియం కార్బొనేట్. పీహెచ్ సాధారణంగా క్షారం వైపు ఉంటుంది. గట్టిగా పరుగెత్తిన తరువాత ఆమ్లం వైపు జరగవచ్చు.

చేయవలసిన వరుస:

- సీసాను మెల్లగా తలకిందులు చేస్తూ కలపండి. గట్టిగా కుదిపితే నురుగు వచ్చి పిపెట్ కొలత తప్పుతుంది.
- పరీక్షకు 3 నుంచి 5 మిల్లీలీటర్లు తీసుకోండి. పిపెట్ చివర సన్నగా ఉంటే జిగురు ఎక్కదు, వెడల్పు చివర ఉన్నది వాడండి.
- పీహెచ్, సాంద్రత చూసి రాయండి.
- ఇంటర్నల్ స్టాండర్డ్‌ను (పోల్చి చూడటానికి తెలిసిన మోతాదులో వేసే పదార్థాన్ని) ఇప్పుడే కలపండి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న మందు ప్రతిరూపాలు ఉత్తమం. తరువాతి అడుగుల్లో జరిగే నష్టమంతా అసలు మందుకూ దానికీ సమానంగా జరగాలంటే రెండూ మొదటి నుంచీ కలిసి నడవాలి.
- సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తేటను వేరు చేయండి.

ఆమ్లంతో పీహెచ్ సర్దేటప్పుడు చుక్క చుక్కగా వేయండి. కార్బొనేట్ ఉన్న మూత్రంలో ఒక్కసారి ఆమ్లం పోస్తే సోడాలా పొంగి ట్యూబు అంచు దాటుతుంది. పొంగిన ద్రవం పక్క ట్యూబులో పడితే రెండు నమూనాలూ పోయినట్టే.

4. ముడిపడిన మందును విడదీయండి

గుర్రం కాలేయం చాలా మందులకు గ్లూకురోనైడ్ లేదా సల్ఫేట్ తగిలించి మూత్రంలోకి పంపుతుంది. ఆ ముడి విప్పకపోతే మందు పూర్తిగా దొరకదు.

గ్లూకురోనైడ్‌కు బీటా-గ్లూకురోనిడేజ్ ఎంజైమ్ వాడతారు. ఈ.కోలి నుంచి తీసిన ఎంజైమ్ దాదాపు తటస్థమైన పీహెచ్‌లో పనిచేస్తుంది. నత్తల నుంచి తీసిన ఎంజైమ్‌కు పీహెచ్ 5 దగ్గర ఉండాలి. పీహెచ్ సరిచూడకుండా ఎంజైమ్ వేస్తే రాత్రంతా వెచ్చగా ఉంచినా ఫలితం ఉండదు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఈ.కోలి ఎంజైమ్ సల్ఫేట్ ముడిని విప్పలేదు. గుర్రం మాత్రం చాలా స్టెరాయిడ్లను సల్ఫేటుగానే విసర్జిస్తుంది. నత్త ఎంజైమ్‌లో సల్ఫేట్ విప్పే గుణం కొంత ఉన్నా, అది కొన్ని స్టెరాయిడ్ల నిర్మాణాన్నే మార్చగలదు. అందుకే స్టెరాయిడ్లకు నీరు లేని మిథనాల్‌లో హైడ్రోజన్ క్లోరైడ్‌తో ముడి విప్పే పద్ధతిని విడిగా నడపాలి. "నీరు లేని" అన్న మాటను అక్షరాలా పాటించండి. తేమ చేరితే చర్య సగంలో ఆగుతుంది.

ప్రతి బ్యాచ్‌లోనూ ముడిపడిన మందు ఒకటి తెలిసిన మోతాదులో కలిపిన నియంత్రణ ట్యూబు ఉండాలి. అందులో ముడి విడితేనే మిగతా ట్యూబులను నమ్మండి.

5. కార్ట్రిడ్జ్ మీద వడకట్టండి

మందులు ఆమ్లాలు, తటస్థాలు, క్షారాలు అని మూడు రకాలు. మిశ్రమ స్వభావం ఉన్న కార్ట్రిడ్జ్ (మందును పట్టుకునే గింజలు నింపిన చిన్న గొట్టం) ఈ మూడింటినీ పట్టుకుంటుంది. వరుస ఇలా ఉంటుంది:

(1) మిథనాల్‌తో తడిపి, ఆపై పీహెచ్ 6 ఫాస్ఫేట్ బఫర్‌తో సిద్ధం చేయండి. నమూనా పోసేలోపు గింజలు ఆరిపోకూడదు.

(2) నమూనాను నిమిషానికి 1 నుంచి 2 మిల్లీలీటర్ల వేగంతో దింపండి. వేగం పెంచితే మందు ఆగకుండా జారిపోతుంది.

(3) నీటితో కడిగి, పలుచని అసిటిక్ ఆమ్లంతో కడగండి. క్షార మందులకు ఈ ఆమ్లం ఆవేశం ఇచ్చి వాటిని గింజలకు కట్టేస్తుంది.

(4) గాలి లాగి పూర్తిగా ఆరబెట్టండి. నీరు మిగిలితే తరువాతి ద్రావణి లోపలికి దిగదు.

(5) ఇథైల్ అసిటేట్ లాంటి ద్రావణితో ఆమ్లాలు, తటస్థాలను దింపి ఒక ట్యూబులో పట్టండి.

(6) మిథనాల్‌తో కడగండి. క్షారాలు కదలవు, రంగు, మలినాలు పోతాయి.

(7) 2 శాతం అమ్మోనియా కలిపిన ద్రావణితో క్షారాలను దింపి వేరే ట్యూబులో పట్టండి. అమ్మోనియా ఆవిరైపోతుంది కాబట్టి ఈ ద్రావణిని ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి. నిన్నటి సీసా వాడితే క్షార మందులు కార్ట్రిడ్జ్‌లోనే ఉండిపోతాయి.

(8) నైట్రోజన్ ఊదుతూ తక్కువ వేడిలో ఆరబెట్టి, చలన ద్రావణిలో (పరికరం గుండా ప్రవహించే ద్రావణిలో) తిరిగి కరిగించండి.

ఆఖరి అడుగులో ఒక జాగ్రత్త ఉంది. యాంఫెటమిన్ లాంటి చిన్న క్షారాలు నైట్రోజన్‌తో పాటే గాలిలోకి లేచిపోతాయి. ఆరబెట్టే ముందు కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే అవి లవణంగా మారి అడుగున నిలుస్తాయి. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక బ్యాచ్ నియంత్రణ ట్యూబులన్నింటిలో యాంఫెటమిన్ మాయమైంది. రెండు రోజులు పరికరాన్ని అనుమానించాను. తప్పు నేను మరిచిపోయిన ఆ ఒక్క చుక్క ఆమ్లంలో ఉంది.

6. రక్తమైతే మార్పులు

ప్లాస్మాను వీలైనంత త్వరగా రక్తకణాల నుంచి వేరు చేయండి. ఒక వంతు ప్లాస్మాకు మూడు వంతుల అసిటోనైట్రైల్ వేస్తే ప్రొటీన్లు విరిగి అడుగుకు చేరుతాయి. ఫినైల్‌బ్యుటజోన్ లాంటి నొప్పి మందులు ప్రొటీన్లను గట్టిగా అంటుకుని ఉంటాయి. ప్రొటీన్ విరగ్గొట్టనిదే అవి బయటికి రావు.

ప్రొకైన్ విషయంలో రక్తం సీసాలోనే చిక్కు ఉంది. ప్లాస్మాలోని ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తూనే ఉంటాయి. ఫ్లోరైడ్ ఉన్న ట్యూబులో తీసుకుని, వెంటనే చల్లబరచాలి. ల్యాబు ఎంత మంచిదైనా, సేకరణ దగ్గర పోయిన మందును తిరిగి తేలేదు.

7. పరికరాన్ని సిద్ధం చేయండి

స్క్రీనింగ్‌కు నేను సిఫారసు చేసేది ఆర్బిట్రాప్ లేదా క్యూ-టాఫ్ లాంటి అధిక స్పష్టత గల పరికరం. నమూనాలోని అయాన్లన్నింటినీ పూర్తి స్కాన్‌లో నమోదు చేస్తుంది కాబట్టి, ఇవాళ వెతకని మందును రేపు అదే ఫైల్లో వెతకవచ్చు. పరిమాణం కొలవడానికి ట్రిపుల్ క్వాడ్రుపోల్ రకం మాస్ స్పెక్ట్రోమీటర్ ఉత్తమం. అనబాలిక్ (కండ పెంచే) స్టెరాయిడ్లకు జీసీ-ఎంఎస్/ఎంఎస్ (నమూనాను ఆవిరి చేసి విడదీసే పద్ధతి) ఇప్పటికీ నమ్మదగినది.

మొదలుపెట్టడానికి అనువైన అమరిక: 2.1 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవు గల సీ18 కాలమ్ (మందులను ఒకదాని వెనుక ఒకటిగా విడదీసే గొట్టం), 40 డిగ్రీల వేడి, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీరు ఒకవైపు, అసిటోనైట్రైల్ మరోవైపు, అసిటోనైట్రైల్ వాటా 5 నుంచి 95 శాతానికి పది నిమిషాల్లో పెరిగే గ్రేడియంట్. ధన, రుణ అయాన్లు రెండింటిలోనూ నడపాలి.

ఉదయం సరిచూసుకోవలసినవి:

- ద్రవ్యరాశి కాలిబ్రేషన్ (తెలిసిన విలువలతో పరికరాన్ని సరిచేయడం) చేశారా? తెలిసిన అయాన్ల మీద తేడా 5 పీపీఎం (పది లక్షల్లో ఐదు వంతులు) లోపల ఉందా?
- ప్లాస్టిక్ నుంచి వచ్చే థాలేట్ అయాను (391.2843) ఎంత ఎత్తులో ఉంది? కొద్దిగా ఉంటే కాలిబ్రేషన్‌ను సరిచూడటానికి పనికొస్తుంది. ఎక్కువగా ఉంటే ద్రావణి సీసానో, ట్యూబునో మార్చాలి.
- పరీక్షా మిశ్రమంలోని మందులు తమ తమ సమయాలకే వచ్చాయా?
- ఖాళీ ద్రావణి ఇంజెక్షన్‌లో ఏ మందూ కనిపించలేదు కదా?

8. ఇంజెక్షన్ల వరుసను కాగితం మీద రాయండి

స్క్రీనింగ్ బ్యాచ్‌ను ఖాళీ ద్రావణి, మందు లేని గుర్రం మూత్రం, నియంత్రణ మిశ్రమం, ఖాళీ ద్రావణి, ఆపై నమూనాలు అన్న వరుసలో నడపండి. ప్రతి పది నమూనాలకు ఒక నియంత్రణ, చివర మరొకటి ఉండాలి.

నిర్ధారణ పరీక్షలో వరుస ఇంకా ముఖ్యం. ముందు ఖాళీ ద్రావణి, ఆపై మందు లేని మూత్రం, మళ్లీ ఖాళీ ద్రావణి, అప్పుడు అనుమానిత నమూనా, ఆపై ఖాళీ ద్రావణి, చివరగా మందు కలిపిన నియంత్రణ మూత్రం. తెలిసిన మందు నమూనా తరువాతే వెళ్లాలి. అలా చేస్తే "ముందటి ఇంజెక్షన్ అవశేషమే ఇందులో కనిపించింది" అని ఎవరూ అనలేరు.

9. స్క్రీనింగ్ శిఖరాన్ని చదవడం: డెక్సామెథాసోన్ ఉదాహరణ

డెక్సామెథాసోన్ వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు. దానికి ప్రోటాన్ చేరిన అయాను లెక్క ప్రకారం 393.2072. మీ నమూనాలో 393.2081 వచ్చిందనుకోండి. తేడా 0.0009, అంటే సుమారు 2.3 పీపీఎం. 5 పీపీఎం కిటికీలో పడింది, ముందుకు వెళ్లవచ్చు. 393.2110 వస్తే తేడా దాదాపు 9.7 పీపీఎం. శిఖరం (గ్రాఫులో పైకి లేచే గీత) ఎంత అందంగా ఉన్నా అది డెక్సామెథాసోన్ కాదు. లేదంటే కాలిబ్రేషన్ తప్పింది. రెండింటిలో ఏది నిజమో అదే ఫైల్లోని ఇంటర్నల్ స్టాండర్డ్ చెబుతుంది.

తరువాత ముక్కలను చూడండి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ పోగా 373.2010, దాని నుంచి ఒక నీటి అణువు పోగా 355.1904, ఇంకా లోతుగా విరిగితే 237 దగ్గర ఒక ముక్క. నీరు పోయిన ముక్క చాలా స్టెరాయిడ్లకు వస్తుంది, సాక్ష్యంగా దాని బలం తక్కువ. చట్రమే విరిగి వచ్చిన 237కు విలువ ఎక్కువ.

ఇక్కడితో పని అయిపోయిందనుకుంటే పెద్ద పొరపాటు. బీటామెథాసోన్‌కు కూడా ద్రవ్యరాశి అదే, ముక్కలూ అవే. ఒక్క మిథైల్ గుంపు దిశ మాత్రం వేరు. ఎంత ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటర్ అయినా ద్రవ్యరాశితో వీటిని విడదీయలేదు. ఆ పని కాలమ్ చేయాలి. సాధారణ సీ18 మీద రెండూ దాదాపు కలిసే వస్తాయి. గ్రేడియంట్‌ను బాగా నెమ్మది చేయండి, లేదా సచ్ఛిద్ర గ్రాఫైట్ కార్బన్ కాలమ్ వాడండి. థియోబ్రోమిన్, థియోఫిలిన్, పారాజాంథిన్ మూడింటికీ ఇదే చిక్కు ఉంది. మూడూ 181.0720 దగ్గరే కనిపిస్తాయి.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో 2021 కెంటకీ డెర్బీ చూపించింది. ముందుగా గీత దాటిన మెడినా స్పిరిట్ రక్తంలో మిల్లీలీటరుకు 21 పికోగ్రాముల బీటామెథాసోన్ దొరికింది. ఆ తరువాత వాదన మందు పేరు దగ్గర ఆగలేదు. అది కీలులోకి ఎక్కించే ఎసిటేట్ రూపమా, చర్మానికి పూసే వాలరేట్ రూపమా అన్నదాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో ఆ గుర్రాన్ని అనర్హంగా ప్రకటించారు.

10. నిర్ధారణ: అదే సీసా, కొత్త భాగం

స్క్రీనింగ్‌లో అనుమానం వస్తే ఆ ట్యూబునే మళ్లీ ఇంజెక్ట్ చేయడం నిర్ధారణ కాదు. 'ఏ' సీసా నుంచి కొత్త భాగం తీసి, వెలికితీత మొదటి నుంచి చేయాలి. వీలైతే వేరొకరు చేయాలి.

అధికారిక రేసింగ్ రసాయన శాస్త్రవేత్తల సంఘం ప్రచురించిన ప్రమాణాలకు అనుగుణంగా మీ ల్యాబు ముందే రాసి పెట్టుకున్న హద్దులు ఉండాలి. శిఖరం చూశాక హద్దులు నిర్ణయించకూడదు. సరిచూడవలసినవి:

- నమూనాలో మందు వచ్చిన సమయం, అదే బ్యాచ్ నియంత్రణలో వచ్చిన సమయం, రెండింటి తేడా
- కనీసం మూడు విశిష్ట అయాన్లు, ప్రతిదీ నేపథ్య సంకేతం (నాయిస్) కంటే స్పష్టంగా ఎత్తుగా ఉండటం
- ఆ అయాన్ల మధ్య నిష్పత్తి నియంత్రణలోని నిష్పత్తితో సరిపోవడం
- మందు లేని మూత్రంలో, ముందటి ఖాళీ ఇంజెక్షన్‌లో ఏమీ లేకపోవడం

మూడు అయాన్లలో రెండు సరిపోయి ఒకటి తప్పితే అది "దాదాపు నిర్ధారణ" కాదు, నిర్ధారణ కానట్టే. పద్ధతి మార్చి మళ్లీ చేయండి. ఇంకా తేలకపోతే మందు లేదన్న (నెగెటివ్) ఫలితంగానే పంపాలి.

11. హద్దు ఉన్న పదార్థాన్ని కొలవడం

కాలిబ్రేషన్ రేఖను ద్రావణిలో కాకుండా మందు లేని గుర్రం మూత్రంలో గీయండి. మూత్రంలోని ఇతర పదార్థాలు అయాన్ల పుట్టుకను అణచివేస్తాయి కాబట్టి ద్రావణిలో గీసిన రేఖ తక్కువ అంకె చూపిస్తుంది. ఒకే నమూనాను మూడు వేర్వేరు భాగాలుగా చేసి సగటు తీయండి.

ఆపై కొలత అనిశ్చితిని లెక్కలోకి తీసుకోండి. థియోబ్రోమిన్ హద్దు 2 మైక్రోగ్రాములు. మీ పద్ధతి అనిశ్చితి 0.2 అనుకుందాం. సగటు 2.1 వస్తే హద్దు దాటిందని చెప్పకూడదు. 2.3 వస్తే అనిశ్చితి తీసేసినా హద్దు పైనే ఉంది, నివేదించాలి. 0.2 అన్నది నేను ఉదాహరణకు తీసుకున్న అంకె. మీ అంకె మీ ధ్రువీకరణ పత్రాల నుంచి రావాలి.

12. కోబాల్ట్, ఆర్సెనిక్: ఐసీపీ-ఎంఎస్ చిక్కులు

లోహాలకు పద్ధతి వేరు. నమూనాను పలుచని నైట్రిక్ ఆమ్లంతో పలుచన చేసి ఐసీపీ-ఎంఎస్‌లోకి (అతివేడి ఆర్గాన్ మంటలో మూలకాలను అయాన్లుగా మార్చి కొలిచే పరికరంలోకి) పంపుతారు. చూడటానికి తేలిక, మోసపోవడం కూడా అంతే తేలిక.

కోబాల్ట్ ద్రవ్యరాశి 59. గుర్రం మూత్రంలో కాల్షియం దండిగా ఉంటుందని ముందే చెప్పుకున్నాం. ప్లాస్మా మంటలో (ఇది రక్తపు ప్లాస్మా కాదు, ఆ ఆర్గాన్ మంట) కాల్షియం, ఆక్సిజన్ కలిసి సరిగ్గా 59 దగ్గరే కనిపిస్తాయి. ఆర్గాన్, సోడియం జంట కూడా అక్కడే వస్తుంది. ఆర్సెనిక్ 75 దగ్గర ఆర్గాన్, క్లోరిన్ జంట అడ్డుపడుతుంది. హీలియం నింపిన ఢీకొట్టే గది గుండా పంపితే ఈ జంటలు చాలావరకు ఆగిపోతాయి. అది వాడకుండా వచ్చిన కోబాల్ట్ అంకెను నేను నమ్మను.

ట్యూబులు, పిపెట్ చివరలు లోహాలు లేనివని పరీక్షించి తీసుకోండి. ఇంకొక మాట. బీ12 విటమిన్ బరువులో దాదాపు 4.3 శాతం కోబాల్టే. పందెం దగ్గరపడ్డాక ఇచ్చిన బీ12 ఇంజెక్షన్ మూత్రంలో కోబాల్ట్ పెంచుతుందని ట్రైనర్లకు ముందే చెప్పడం పశువైద్యుల బాధ్యత.

13. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే తీరు

ఇంటర్నల్ స్టాండర్డ్ ఒక్క ట్యూబులో బాగా తగ్గింది: మడ్డి కార్ట్రిడ్జ్‌ను మూసేసి ఉండవచ్చు. మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసిన తేటతో కొత్తగా చేయండి.

అన్ని ట్యూబుల్లోనూ తగ్గింది: కాలమ్ మొదలు, స్ప్రే సూది మురికిపట్టాయి. శుభ్రం చేసి పరీక్షా మిశ్రమంతో మొదలుపెట్టండి. అంతకుముందు ఇచ్చిన ఫలితాలను కూడా తిరిగి చూడండి.

సమయాలన్నీ కొద్దికొద్దిగా జరిగాయి: ద్రావణి కొత్తగా కలిపారా, కాలమ్ వేడి సరిగ్గా ఉందా చూడండి. మందుతో పాటు ఇంటర్నల్ స్టాండర్డ్ కూడా అంతే జరిగి ఉంటే కారణం నమూనాలో లేదు.

ఖాళీ ఇంజెక్షన్‌లో మందు కనిపించింది: సూది కడిగే ద్రావణి బలం పెంచండి. ఆ బ్యాచ్ మొత్తాన్ని పక్కన పెట్టి మళ్లీ నడపండి. ఒక్క నమూనాను మాత్రమే తిరిగి నడిపి సరిపెట్టకండి.

శిఖరం రెండుగా చీలింది: తిరిగి కరిగించిన ద్రావణిలో ఆర్గానిక్ భాగం ఎక్కువైంది. మొదటి గ్రేడియంట్ నిష్పత్తికి దగ్గరగా తీసుకురండి.

14. మేత, కొట్టం నుంచి వచ్చే జాడలు

మందు దొరికింది అంటే ఎవరో కావాలని ఇచ్చారని కాదు. దాణాలో కోకో పొట్టు కలిస్తే థియోబ్రోమిన్, గసగసాల మొక్క కలిస్తే మార్ఫిన్ వస్తాయి. ఎండుగడ్డిలో ఉమ్మెత్త ఆకు పడితే అట్రోపిన్, స్కోపొలమిన్ రెండూ కనిపిస్తాయి. 2014లో ఇంగ్లండ్ రాణి గుర్రం ఎస్టిమేట్‌కు మార్ఫిన్ బయటపడినప్పుడు కారణం కలుషితమైన దాణా అని తేలింది. మందులు వాడే మనిషి కొట్టంలో మూత్రం పోస్తే, ఆ గడ్డి తిన్న గుర్రం ఒంట్లోకి అతని మందు చేరుతుంది. ఫ్లునిక్సిన్ లాంటి నొప్పి మందు గుర్రం మూత్రంతో గడ్డిలోకి, గడ్డితో మళ్లీ గుర్రంలోకి తిరుగుతూ ఉంటుంది.

ఇందులో ఏది జరిగిందో తేల్చడం ల్యాబు పని కాదు, విచారణాధికారుల పని. కానీ వారికి పనికొచ్చే సమాచారం ల్యాబు దగ్గర ఉంటుంది. ఉమ్మెత్త అనుమానం ఉంటే అట్రోపిన్ పక్కన స్కోపొలమిన్ ఉందో లేదో చూసి రాయండి. అసలు మందుతో పాటు దాని జీవక్రియా రూపాలు ఉన్నాయో లేదో రాయండి. అసలు మందు దండిగా ఉండి జీవక్రియా రూపం ఒక్కటీ లేకపోతే, అది ఒంట్లో నుంచి కాకుండా బయటి నుంచి సీసాలో పడిందేమో అని చూడాలి.

15. నివేదిక, 'బీ' సీసా, ఫైళ్లు

నివేదికలో నమూనా అంకె, దొరికిన పదార్థం, ఏ ద్రవంలో దొరికింది, వాడిన పద్ధతి, హద్దు ఉన్నదైతే కొలత, అనిశ్చితి ఉండాలి. "ఎక్కువ మోతాదు", "ఇటీవలే ఇచ్చారు" లాంటి మాటలు వద్దు. ఒక్క మూత్రపు నమూనా నుంచి మోతాదునూ, సమయాన్నీ చెప్పలేం.

సంతకం పెట్టే ముందు:

- ముడి ఫైళ్లు, చేతిరాత పుస్తకం, ఉష్ణోగ్రత పట్టిక అన్నింటిలో ఒకే నమూనా అంకె ఉందా?
- ఫలితాన్ని పనిచేసినవారు కాక మరొకరు స్వతంత్రంగా చూశారా?
- ఈ పద్ధతి మీ ఐఎస్‌ఓ 17025 (పరీక్షా ప్రయోగశాలల ప్రమాణం) గుర్తింపు పరిధిలో ఉందా?
- కొట్టివేతలన్నీ ఒక్క గీతతో, సంతకం, తేదీతో ఉన్నాయా?

గుర్రం యజమాని లేదా ట్రైనర్ కోరితే 'బీ' సీసాను వేరే గుర్తింపు పొందిన ల్యాబుకు పంపుతారు. ఆ ల్యాబుకు మీ పద్ధతి వివరాలు పూర్తిగా ఇవ్వండి. దాచడానికి ఏమీ ఉండకూడదు.

మందు లేదని (నెగెటివ్‌గా) వచ్చిన నమూనాల పూర్తి స్కాన్ ఫైళ్లను కూడా భద్రపరచండి. కొత్త మందు ఒకటి వాడకంలోకి వచ్చిందని తెలిసిన రోజున దాని ద్రవ్యరాశి లెక్కగట్టి, పాత ఫైళ్లను ఆ అంకెతో మళ్లీ వెతకండి. అనుమానం వస్తే ఫ్రీజర్‌లో ఆ నమూనా ఇంకా మిగిలి ఉండాలి. అందుకే ఏ నమూనాను ఎన్నాళ్లు ఉంచాలో టర్ఫ్ (గుర్రపు పందాల) అధికారులతో ముందుగానే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, ఫ్రీజర్ తలుపు మీద ఆ తేదీల పట్టిక అంటించి పెట్టండి.